ప్రతిపక్ష ఎంపీ సభలో ఏమి చేశారో తేల్చుకోవడం ఎలా: ఓట్లు, ప్రసంగాలు, ప్రశ్నలు

మీ ప్రశ్న ఇది: మీ నియోజకవర్గ ఎంపీ కేంద్రంలో ప్రతిపక్షంలో ఉన్నారు. పార్లమెంటు పనిని గమనించే పీఆర్ఎస్ అనే పరిశోధన సంస్థ వెబ్‌సైట్‌లో ఆయన హాజరు, చర్చలు, ప్రశ్నల లెక్క చూశారు. జాతీయ సగటు కన్నా తక్కువగా కనిపించింది. ఆ లెక్కను నమ్మవచ్చా, ఏ బిల్లుకు ఆయన ఎటు ఓటు వేశారో అందులో ఎందుకు లేదు, అది ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు.

లెక్క నిజమైనదే. పార్లమెంటు సచివాలయాలు ఇచ్చే సమాచారం నుంచే వారు దాన్ని తీస్తారు. కానీ ఆ అంకెలతో మనిషిని తూచవద్దని పదిహేనేళ్లకు పైగా సభా రికార్డులు చదువుతున్న అనుభవంతో చెబుతున్నాను. ముఖ్యంగా ప్రతిపక్ష సభ్యుడిని అసలు తూచవద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఓట్ల సంగతి. మన పార్లమెంటులో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. అనుకూలంగా ఉన్నవారు 'అవును' అంటారు, లేనివారు 'కాదు' అంటారు, ఏ గొంతు పెద్దదో సభాపతి స్థానంలో ఉన్నవారు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయాన్ని ఎవరైనా సభ్యుడు సవాలు చేసి డివిజన్ (ఓట్ల లెక్కింపు) కోరితేనే ఒక్కొక్కరి ఓటు పేరుతో సహా నమోదవుతుంది. కోరకపోతే ఎవరు ఏమన్నారో రికార్డులో ఉండదు. మీరు చూసిన పేజీలో ఓట్లు లేకపోవడానికి కారణం ఇదే. అది ఆ సంస్థ లోపం కాదు.

దీని బరువు మన తెలుగువారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించింది మూజువాణి ఓటుతోనే. టీవీ ప్రత్యక్ష ప్రసారం కూడా మధ్యలో ఆగిపోయింది. రెండు రాష్ట్రాల ప్రజల జీవితాలను మలుపు తిప్పిన బిల్లు ఆమోదం మీద ఎవరు ఎటు నిలిచారో చెప్పే పేర్ల జాబితా లేదు. విభజన కోరుకున్నవారైనా, వద్దన్నవారైనా ఈ ఒక్క విషయంలో కలిసి బాధపడాలని నా అభిప్రాయం. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల విషయంలోనూ అంతే. ప్రతిపక్షం డివిజన్ కావాలని పట్టుపట్టింది, గందరగోళం మధ్య మూజువాణితోనే బిల్లులు ఆమోదం పొందాయి. ఆ రోజు ఏ పార్టీ ఎటు ఉందో తెలుసుకోవాలంటే ఈనాటికీ ప్రసంగ పాఠాలే ఆధారం. 'మేము అప్పుడే వ్యతిరేకించాం' అని రేపు ఎవరైనా అంటే ఓటు చూపించి అవునని గానీ కాదని గానీ నిరూపించలేము.

మరి ఓట్లు ఎక్కడ దొరుకుతాయి? రాజ్యాంగ సవరణ బిల్లుల్లో తప్పకుండా దొరుకుతాయి. 368వ అధికరణం ప్రత్యేక మెజారిటీ అడుగుతుంది కనుక తలలు లెక్కపెట్టక తప్పదు. అవి కాక, ఎవరో ఒకరు లేచి డివిజన్ కోరిన సందర్భాల్లో దొరుకుతాయి. మన దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. ఆయన రాజకీయాలతో మీరు ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, ఓట్ల జాడ తీయడం నేర్చుకోవాలనుకునేవారికి ఆయన రికార్డు మంచి పాఠం. 2019 జనవరి 8న ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు పది శాతం రిజర్వేషన్ల బిల్లుకు లోక్‌సభలో అనుకూలంగా 323 ఓట్లు, వ్యతిరేకంగా 3 ఓట్లు పడ్డాయి. ఆ ముగ్గురిలో ఆయన ఒకరు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ల బిల్లుకు 454 ఓట్లు, వ్యతిరేకంగా 2. ఆ రెండూ ఆయనవీ, ఆయన పార్టీకే చెందిన అప్పటి ఔరంగాబాద్ ఎంపీవీ. ఈ రెండూ రాజ్యాంగ సవరణలు. కానీ 2019 జులై 15 నాటి ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) సవరణ బిల్లు మామూలు బిల్లు. ఒవైసీ పట్టుపట్టి డివిజన్ కోరారు, 278కి 6 అని తేలింది. ఆయన ఓడిపోయారు, అది ముందే తెలుసు. కానీ ఆయన కోరినందువల్ల ఆ రోజు సభలో ఓటు వేసిన ప్రతి ఒక్కరి పేరూ చరిత్రలో నిలిచింది. అందుకే నా నోటుపుస్తకంలో 'డివిజన్ కోరినది ఎవరు' అని ఒక ప్రత్యేకమైన గడి ఉంటుంది. సంఖ్యాబలం లేని సభ్యుడు చేయగల విలువైన పనుల్లో ఇది ఒకటి, ఏ మార్కుల పట్టికలోనూ ఇది కనిపించదు.

డివిజన్ జాబితా చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, జాబితాలో పేరు లేకపోవడం అంటే సమ్మతి కాదు. 2019 జులై 24న ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) సవరణ బిల్లుకు వ్యతిరేకంగా పడినవి 8 ఓట్లే, అనుకూలంగా 287. అంటే లోక్‌సభలో ఆ బిల్లును వ్యతిరేకించినవారు ఎనిమిది మందేనా? కాదు. కాంగ్రెస్ సభ్యులు అంతకుముందే వాకౌట్ చేశారు. వారి నిరసన ఓట్ల జాబితాలో ఉండదు, చర్చ పాఠంలో ఎక్కడో కుండలీకరణాల మధ్య ఒక్క వాక్యంగా ఉంటుంది. అందుకే ఓటుతో పాటు ఆ రోజు చర్చ కూడా తెరవాలి. రెండోది, చీటీలు. తెరమీద కనిపించే అంకె తుది అంకె కాదు. 'సవరణలకు లోబడి' అంటూనే సభాపతి ఫలితం చదువుతారు. మీట పనిచేయనివారు, తప్పు మీట నొక్కినవారు ఆకుపచ్చ, ఎరుపు, పసుపు చీటీల మీద ఓటు రాసి ఇస్తారు. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టినప్పుడు చీటీలన్నీ కలిశాకే 269కి 198 అనే తుది లెక్క వచ్చింది. తెర ఫోటో చూసి మీ ఎంపీ ఓటు వేయలేదని నిర్ణయానికి రావద్దు. చర్చల పూర్తి పాఠంలో పేర్ల జాబితా అడుగున, చీటీ ద్వారా ఓటు నమోదు చేసినవారి పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అక్కడ వెతకండి.

ఇంత కష్టపడి ఓటు కనిపెట్టినా అది మనిషిని గురించి చెప్పేది తక్కువే. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ విప్‌ను, అంటే ఎటు ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటు వేసినా, ఓటు వేయకుండా ఉండిపోయినా సభ్యత్వానికే ముప్పు. పార్టీ పదిహేను రోజుల్లోగా క్షమిస్తే తప్ప. కనుక ఓటు చూసి పార్టీ వైఖరి తెలుసుకోండి. మీ ఎంపీ సొంతంగా ఏమి పట్టించుకుంటున్నారో తెలియాలంటే ప్రశ్నలు చూడాలి.

దానికి ముందు 'ప్రతిపక్షం' అనే మాట గురించి కొంచెం. 2024 ఎన్నికల్లో తెలంగాణ నుంచి గెలిచిన ఎనిమిది మంది కాంగ్రెస్ ఎంపీలు రాష్ట్రంలో పాలకపక్షం, ఢిల్లీలో ప్రతిపక్షం. ఆంధ్రప్రదేశ్ నుంచి గెలిచిన నలుగురు వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు రెండు చోట్లా ప్రతిపక్షమే, కానీ కాంగ్రెస్ కూటమిలో లేరు. ప్రాంతీయ పార్టీల విషయంలో పేరును బట్టి కాదు, బిల్లును బట్టి చూడాలి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లును తెరాస వ్యతిరేకించింది. వైఎస్సార్ కాంగ్రెస్, అప్పుడు ఎన్డీయేలో లేని తెలుగుదేశం దాన్ని సమర్థించాయి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288కి 232తో నెగ్గినప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. ఒకే పార్టీ, ఆరేళ్లలోపే, ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఇది తప్పని అనడం లేదు, పట్టికలో ప్రతి బిల్లుకూ విడిగా రాసుకోమంటున్నాను.

ప్రసంగాలు. పార్లమెంటు వారి సంసద్ వెబ్‌సైట్‌లో సభ్యుడి పేరుతో వెతికితే చర్చల పాఠాలు వస్తాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంటిపేరు అక్షరాలు ఒకచోట ముందు, మరొకచోట వెనుక ఉంటాయి. ఒక రూపంతో దొరకకపోతే మరో రూపంతో వెతకండి. మీ ఎంపీ తెలుగులో మాట్లాడితే అసలు తెలుగు మాటలు పాఠంలో దొరకవు. తెలుగులో చేసిన ప్రసంగానికి ఇంగ్లీషు అనువాదం అని నక్షత్రం గుర్తుతో అడుగున సూచన పెట్టి అనువాదమే అచ్చు వేస్తారు. అనువాదంలో తెలుగు సామెత పలచబడిపోతుంది, వెటకారం మామూలు వాక్యమవుతుంది. నాకైతే ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. కాబట్టి సంసద్ టీవీ వీడియో కూడా చూడండి. తేదీ తెలిస్తే యూట్యూబ్‌లో దొరుకుతుంది.

ఆ నక్షత్రం గుర్తు దగ్గర నేనొకసారి పెద్ద పొరపాటు చేశాను. ఒక సభ్యుడు బడ్జెట్ చర్చలో నోరే విప్పలేదని రాశాను. వీడియో మొత్తం చూశాను, ఎక్కడా లేరు. తర్వాత చర్చ పాఠం తీరిగ్గా చదువుతుంటే, అర్ధరాత్రి దాకా సాగిన ఆ రోజు చర్చ చివర్లో ఆయన పేరు, పక్కన నక్షత్రం, కింద రెండున్నర పేజీల ప్రసంగం కనిపించాయి. సమయం చాలక రాతప్రతిని సభ ముందు ఉంచారు. నియోజకవర్గంలోని చెరువుల పేర్లతో సహా ఉన్నాయందులో. ఆ సభ్యుడికి ఫోను చేసి క్షమాపణ చెప్పాను, మరుసటి వారం సవరణ రాశాను. అప్పటి నుంచి వీడియో ఒక్కటే చూసి గానీ, పాఠం ఒక్కటే చూసి గానీ 'మాట్లాడలేదు' అనే మాట రాయను.

సమయం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. చర్చకు కేటాయించిన గంటలను పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. నలుగురు సభ్యులున్న పార్టీకి దొరికేది కొన్ని నిమిషాలు, అవీ సాధారణంగా సభాపక్ష నాయకుడికే పోతాయి. వెనుక వరుసలో కూర్చున్న సభ్యుడి చర్చల సంఖ్య తక్కువైతే అది బద్ధకం కాకపోవచ్చు. పైగా చర్చల లెక్కలో జీరో అవర్‌లో (అత్యవసర విషయాలు లేవనెత్తే సమయంలో) చెప్పిన నాలుగు వాక్యాలూ ఒకటే, బిల్లు మీద అరగంట ప్రసంగమూ ఒకటే. అరవై అన్న అంకె చూసి మురిసిపోయేలోపు వాటిలో బిల్లుల మీదివి ఎన్నో విడదీయండి.

ఇక ప్రశ్నలు. నా దృష్టిలో అసలు గని ఇదే.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్ర గుర్తు లేనివి జాబితాలోకి వస్తాయి. నక్షత్ర గుర్తు ప్రశ్నలకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాలి. మిగతావాటికి రాతపూర్వక జవాబు వస్తుంది. ఏ ప్రశ్నకు ముందు చోటు దక్కుతుందో లాటరీ తేలుస్తుంది. ఇరవైలో కూడా చాలా రోజుల్లో ఐదారు ప్రశ్నలకే ప్రశ్నోత్తరాల గంట అయిపోతుంది. కనుక నక్షత్ర గుర్తు ప్రశ్నలు ఎన్ని వచ్చాయన్నదాంట్లో అదృష్టం పాలు చాలా ఉంది. తన ప్రశ్న పిలిచినప్పుడు సభ్యుడు సీట్లో ఉన్నారా, అనుబంధ ప్రశ్న అడిగారా అన్నది మాత్రం అదృష్టం కాదు. అది నమోదు చేయండి.

ప్రశ్న నిర్మాణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఫలానాది నిజమేనా, అయితే వివరాలేమిటి, కాకపోతే కారణాలేమిటి, ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి. జవాబులకూ కొన్ని అచ్చులున్నాయి. 'ఇది రాష్ట్ర జాబితాలోని అంశం.' 'ఆ ప్రశ్న తలెత్తదు.' 'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం.' మూడో వాక్యం కనిపించిందంటే ఆగి గుర్తు పెట్టుకోండి. సభా సంప్రదాయంలో అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేరిందో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ప్రత్యేకంగా ఉంది. మూడు నెలల తర్వాత మీ ఎంపీ దాని మీద మళ్లీ అడిగారా? మంచి సభ్యుడిని పట్టించే గుర్తుల్లో నాకు అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే.

పోలవరం తీసుకోండి. ఏళ్లుగా మన ఎంపీలు, అన్ని పార్టీలవారు, దాని మీద అడుగుతూనే ఉన్నారు. ఆ జవాబులను తేదీల వరుసలో పేర్చి చదివితే ఒక కథ కనబడుతుంది. 2013-14 ధరల్లో 20,398.61 కోట్లు ఒకచోట. 2017-18 ధరల్లో 55,548.87 కోట్లకు సాంకేతిక సలహా కమిటీ అంగీకారం మరొకచోట. సవరించిన అంచనాల కమిటీ దాన్ని 47,725.74 కోట్లకు తగ్గించిన సంగతి ఇంకొకచోట. తర్వాత 41.15 మీటర్ల మట్టం అనే మాట వచ్చి చేరుతుంది. పూర్తి జలాశయ మట్టం 45.72 మీటర్లు. ఆ నాలుగున్నర మీటర్ల తేడాలో ఎన్ని ఊళ్ల ముంపు, ఎన్ని కుటుంబాల పునరావాసం, ఎన్ని కోట్ల ఖర్చు ఉన్నాయో గోదావరి గట్టున ఉన్నవారికి చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 30,436.95 కోట్ల అంచనాకు ఆమోదం తెలిపింది కూడా 41.15 మీటర్ల వరకే. 'పోలవరం ఎప్పుడు పూర్తవుతుంది' అని పదిసార్లు అడిగిన సభ్యుడికి పది ప్రశ్నల లెక్క పడుతుంది. '41.15 మీటర్ల వరకు నిధులంటే, మిగతా మట్టానికి పునరావాసం ఖర్చు ఎవరిది' అని ఒక్కసారి అడిగిన సభ్యుడికి ఒకటే పడుతుంది. నాకు ఆ రెండో సభ్యుడు కావాలి.

విశాఖ ఉక్కు విషయమూ చూడండి. 2021 మార్చిలో లోక్‌సభలో ఇచ్చిన రాతపూర్వక జవాబులోనే, నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు నిర్ణయించామనీ, అందులో రాష్ట్రానికి ఈక్విటీ వాటా లేదనీ ఆర్థిక మంత్రి స్పష్టం చేశారు. వీధుల్లో ఎన్ని ఊహాగానాలు సాగుతున్నా, ప్రభుత్వం చేత కాగితం మీద ఆ మాట రాయించింది ఒక ప్రశ్న. ఓటుతో ఆపలేని ప్రతిపక్షం చేతిలో ఉన్న పనిముట్టు అదే.

ప్రశ్నల సంఖ్య విషయంలో మరో మెలిక ఉంది. ఒకే ప్రశ్నకు ఐదారుగురి పేర్లు ఉంటాయి. ఒకే రకమైన ప్రశ్నలను సచివాలయం కలిపేస్తుంది, ప్రతి ఒక్కరి ఖాతాలోనూ ఒకటి చేరుతుంది. కొందరు ఒకే పాఠం మీద కలిసి సంతకాలు పెడతారు. అందుకే పేరు మొదట ఉందా, ఐదోదా అన్నది నేను చూస్తాను. మీ జిల్లా పేరు, ఊరి పేరు, కాలువ పేరు ప్రశ్నలో ఉన్నాయా అన్నది ఇంకా ముఖ్యంగా చూస్తాను. ఎక్కడైనా అతికే ప్రశ్న సాధారణంగా ఎవరో రాసి ఇచ్చినది.

హాజరు గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే దాని విలువ తక్కువ. హాజరు నమోదు చేసుకుని వెళ్లిపోయినవారికీ అది లెక్కలో పడుతుంది, రోజంతా కూర్చుని నమోదు మరిచినవారికి పడదు. మంత్రులు, సభాపతి, ప్రతిపక్ష నాయకుడు హాజరు నమోదు చేసుకోనక్కరలేదు కనుక వారి గడి ఖాళీగా ఉంటే గైర్హాజరు అనుకోవద్దు. ప్రతిపక్షం విషయంలో సస్పెన్షన్లు కూడా ఉంటాయి. 2023 శీతాకాల సమావేశాల్లో రెండు సభల్లో కలిపి 146 మందిని సస్పెండ్ చేశారు. ఆ రోజుల్లో వారు లోపలికి వెళ్లలేరు, వారి పేరిట ఉన్న ప్రశ్నలు కూడా జాబితా నుంచి పోతాయి. ఆ సమావేశాల అంకెలను విడిగా పక్కన పెట్టి సగటు తీయండి. సస్పెన్షన్ సబబా కాదా అన్నది వేరే వాదన.

ప్రైవేటు మెంబరు బిల్లులు చట్టాలు కావు, ఆ ఆశ పెట్టుకోకండి. స్వాతంత్ర్యం తర్వాత ఇప్పటిదాకా 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. సభ్యుడి ఆలోచన ఎటు ఉందో చూడటానికి చదవండి, చాలు.

స్థాయీ సంఘాలను, అంటే శాఖలవారీగా బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీలను, మాత్రం వదలకండి. అక్కడ కెమెరాలు ఉండవు, గంటల తరబడి అధికారులను ప్రశ్నిస్తారు. ఎవరు ఏమి అడిగారో బయటికి రాదు. కానీ ప్రతి నివేదిక చివర సమావేశాల మినిట్స్ జతచేస్తారు, హాజరైనవారి పేర్లు అందులో ఉంటాయి. సభ్యుడు నివేదికతో విభేదిస్తే అసమ్మతి పత్రం కూడా అక్కడే అచ్చవుతుంది. ప్రతిపక్ష సభ్యుడు ఒక బిల్లును ఎంత లోతుగా చదివారో తెలుసుకోవడానికి అసమ్మతి పత్రాన్ని మించిన ఆధారం నేను చూడలేదు.

మీరు మొదలుపెట్టడానికి ఐదేళ్ల రికార్డు అవసరం లేదు. మీ ప్రాంతానికి ప్రాణప్రదమైన అంశం ఒక్కటి ఎంచుకోండి: ఒక ప్రాజెక్టు, ఒక రైల్వే లైను, ఒక పంట మద్దతు ధర. ఒక నోటుపుస్తకంలో తేదీ, ప్రశ్న సంఖ్య, మంత్రిత్వ శాఖ, జవాబులోని ముఖ్యమైన అంకె, దానికి తర్వాత ఏమైంది అని ఐదు గడులు గీయండి. ఆ అంశం మీద మీ ఎంపీ అడిగినవే కాక, పక్క జిల్లాల ఎంపీలు అడిగినవి కూడా రాయండి. పక్కవారికి వచ్చిన జవాబును మీ ఎంపీ వాడుకున్నారా లేదా అప్పుడే తెలుస్తుంది. రెండు సమావేశాలు గడిచేసరికి, జవాబుల్లో ఎక్కడ ఖాళీ ఉందో, ఏ అంకె హఠాత్తుగా మారిందో మీకే కనిపిస్తుంది.

అప్పుడు మీ ఎంపీ కార్యాలయానికి ఉత్తరం రాయండి. ఫలానా తేదీన, ఫలానా సంఖ్య ప్రశ్నకు మంత్రి ఇలా చెప్పారు, ఈ భాగానికి జవాబు రాలేదు, మీరు ఇది అడగండి అని, ప్రశ్న కూడా మీరే 150 పదాల లోపు తయారుచేసి జతచేయండి. అంతకన్నా పొడవైతే నిబంధనల ప్రకారం తిరస్కరించవచ్చు. ప్రశ్నకు కనీసం పదిహేను పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కనుక, సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే మీ ఉత్తరం వారికి చేరాలి. జవాబు వస్తే, ఆ జవాబు పెట్టండి, కలిసి చదువుదాం.